కువైట్ చట్నీ

ఇమ్మానుయేలు కువైట్ నుంచి తిరిగొచ్చేవరకు అమలాపురం ఎర్రవంతెన దగ్గర హరిబాబు బజ్జీల బండికి ఎదురే లేదు.

అక్కడ హోటల్లో వంటచేసి వచ్చిన ఇమ్మానుయేలు రోడ్డుకి అవతలి పక్కన బండి పెట్టాడు. బంగాళాదుంపలు పొడుగ్గా కోసి వేయించి, పక్కన మూడు గిన్నెలు పెట్టేవాడు. వెల్లుల్లి వేసిన తెల్లది, కొత్తిమీర, పచ్చిమిర్చి కలిపిన పచ్చది, ఆవకాయ కారం కలిపిన ఎర్రది. దాని పేరు మయోనైజ్ అని అతనెంత చెప్పినా ఊళ్ళో కుర్రాళ్ళకి అది కువైట్ చట్నీయే.

ఓ కాలేజీ కుర్రాడైతే హరిబాబు దగ్గర బజ్జీలు కొని, పొట్లంతో సహా రోడ్డు దాటాడు.

"ఇందులోకి కాస్త తెల్లది వెయ్యండి, ఇమ్మానుయేలు గారూ!"

హరిబాబు ఒళ్ళు మండిపోయింది. గడ్డం మాసిపోయి, మొహం పీక్కుపోయింది. చాప మీద పడుకున్నా ఆ మూడు గిన్నెలే కళ్ళముందు తిరిగేవి. తెల్లారకముందే లేచి నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించుకునేవాడు. ఎన్ని బిందెలు పోసుకున్నా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

"ఆ గుట్టు తెలిస్తే నేనూ పెడతాను. లేదా, బండి ఎత్తేసుకోవడమే," అన్నాడు భార్య భవానితో.

"వాళ్ళావిడ జాస్మిన్ మంచిదేనండీ. అడిగితే చెప్పేస్తాది."

"వాళ్ళని అడుక్కుంటామా? ఓ పొట్లం పట్రా. రుచి చూసి ఇట్టే పట్టేస్తాను."

"ఇప్పుడు బయట తిండి మీకెందుకండీ?"

"తినడం కాదే, నాలిక్కి రాసుకోవడం. వెన్నో, మీగడో, అంతకంటే ఏముంటాది అందులో!"

రోజూ సాయంత్రం భవాని తెచ్చేది. హరిబాబు వేలితో నాకేవాడు. ఒకరోజు పెరుగన్నాడు. ఒకరోజు జీడిపప్పన్నాడు. కొబ్బరిపాలేనని ఒట్టేశాడు. ఏది చిలికినా నీళ్ళ మజ్జిగే అయింది. అవతల జనం పెరుగుతూనే ఉన్నారు. అసూయతో పాటు రుచి కూడా ఎక్కి, చివరికి గిన్నెడు తెప్పించుకోసాగాడు.

ఇక ఉండబట్టలేక భవాని జాస్మిన్‌ని అడిగేసింది. ఇంటికొచ్చేసరికి హరిబాబు గిన్నె అడుగు తుడుస్తున్నాడు.

"చెప్పిందా?"

"ఆయ్. ముందే అడక్కపోయేరా అని నవ్విందండీ. పచ్చి కోడిగుడ్డు సొనలో నూనె చుక్కచుక్కా పోసి గిలక్కొట్టడమేనంట." చివరికొచ్చేసరికి భవాని గొంతు తగ్గిపోయింది.

హరిబాబు వేలు నోట్లోనే ఉండిపోయింది; రెండో చెయ్యి మెల్లగా పైకి వెళ్ళి, మెడలోని అయ్యప్ప మాలను పట్టుకుంది.