లిస్టులో లేని ముసలాయన

"కుక్క ఒకటి. పిల్లులు రెండు. కోళ్ళు ఏడు." ఫ్రిజ్ మీద అంటించిన కాగితాన్ని వేలితో పొడుస్తూ మూడోసారి చదివాడు రెజిస్. "ముసలాయన ఎక్కడున్నాడు ఇందులో? చూపించు!"

భార్య జోసియాన్ వినిపించుకోనట్టే బల్ల మీద మూడో గిన్నె పెట్టింది.

"మనం వచ్చింది ఈ ఇల్లూ జంతువులూ చూసుకోడానికి. ఊళ్ళోవాళ్ళకి పూటకూళ్ళిల్లు నడపడానికి కాదు," అన్నాడు రెజిస్.

"మెల్లగా. పన్నెండు కావస్తోంది, ఆయనొచ్చే వేళ."

"పదకొండు రోజుల్నించీ మెల్లగానే మాట్లాడుతున్నాను. ఇవాళ ఇంటావిడ మదాం వెర్నేకి ఫోన్ చేసి అడిగేస్తాను, ఎవరమ్మా ఈయన అని."

"అడుగు. ఆయన ఆవిడ మేనమామ అయితే? మోకాళ్ళ నొప్పులతో వేడినీటి బుగ్గల్లో కూర్చున్న మనిషికి, 'మీ మేనమామకి గిన్నెడు సూపు పోయలేం' అని చెప్పు. మన పని గురించి ఎంత బాగా రాస్తుందో! సెవెరీన్ ఏమందో గుర్తుందిగా?"

గుర్తుంది. కూతురు సెవెరీన్ లీల్ నగరంలో, వృద్ధుల వసతిగృహంలో, వాళ్ళిద్దరికీ ఒక గది మాట్లాడి ఉంచింది. "డెబ్బై రెండేళ్ళొచ్చాయి. మిమ్మల్ని చూసుకోడానికే ఒక మనిషి కావాలి, మీరు ఎవరి కుక్కల్నో చూసుకుంటారా? సరే, ఒక్క ఇల్లు. ఒక్క ఫిర్యాదు వచ్చిందా, నోరెత్తకుండా గదిలో చేరాలి" అంది. ఇది ఆ ఒక్క ఇల్లు.

రెజిస్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

చర్చి గంట పన్నెండు కొట్టింది. కుక్క ఫిలూ తోక ఆడిస్తూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. ముసలాయన, పెయ్రా గారు, లోపలికొచ్చి, టోపీ తీసి కొక్కేనికి తగిలించి, ఎవర్నీ అడక్కుండా బల్ల సొరుగు లాగారు. ఇంట్లోవాళ్ళు ఎవరి చేతిగుడ్డ వాళ్ళు చుట్టిపెట్టుకునే చెక్క వలయాల్లో, తన పేరు చెక్కినదాంట్లోంచి గుడ్డ విప్పి ఒళ్ళో పరుచుకున్నారు. ఆ వలయం చూసినప్పుడల్లా జోసియాన్ తన వాదనే గెలిచినట్టు మొగుడివైపు చూస్తుంది. ఈ ఇంట్లో సొంత వలయం ఉన్నవాడు పరాయివాడెలా అవుతాడు?

"రాత్రి నిద్రపట్టిందా మదాం? రెజిస్ గారూ, అటక నిచ్చెన జోలికి పోలేదు కదా?"

"పోలేదు," అన్నాడు రెజిస్, పళ్ళు బిగించి.

జోసియాన్‌కి అర్థంకానిది ఒకటుంది. ఉచితంగా తినడానికి వచ్చేవాడు ఆబగా తినాలి. ఈయన మందు మింగుతున్నట్టు తింటాడు. క్యాబేజీ సూపు సగమయ్యేసరికి బెల్టు వదులు చేసుకుంటాడు. అయినా వదలడు. అడుగున మిగిలినదాంట్లో, ఆ ఊరి అలవాటు ప్రకారం, ఇంత ఎర్ర వైను పోసుకుని, గిన్నె ఎత్తి తాగేస్తాడు. వెళ్ళేముందు స్టవ్ దగ్గర వంగి గ్యాస్ కట్టేస్తాడు. గేటు దగ్గర ఆగి చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటాడు.

ఆ రోజు ఆమె కోళ్ళని వెతికే నెపంతో గేటు దాకా వెళ్ళింది. ఆయన పుస్తకం టక్కున మూశారు.

"ఏం రాస్తున్నారు పెయ్రా గారూ?"

"వాన పడుతుందేమోనని."

ఆకాశంలో చిన్న మబ్బు కూడా లేదు.

మర్నాడు శనివారం. బల్ల తనే సర్దాడు రెజిస్. రెండే గిన్నెలు. జోసియాన్ బతిమాలింది, కసిరింది, చివరికి సూపు గరిట పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది. గంట కొట్టింది. పెయ్రా గారు వచ్చారు, టోపీ తీశారు, బల్లని చూశారు.

"పెయ్రా గారూ," గొంతు సవరించుకున్నాడు రెజిస్, "ఏమనుకోకండి. మదాం వెర్నే ఇచ్చిన లిస్టులో మీరు లేరు."

ముసలాయన నొచ్చుకోలేదు. తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుని, కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచారు.

"నేను మీ లిస్టులో లేను, నిజమే. మీరు నా లిస్టులో ఉన్నారు."

అదే నీలం సిరా. అదే మదాం వెర్నే చేతిరాత. జోసియాన్ పైకే చదివింది.

"రెజిస్. కొత్తవాళ్ళని చూస్తే అరుస్తాడు, కరవడు. నిచ్చెన ఎక్కనివ్వొద్దు. జోసియాన్. సాధువు. ఎదురుగా ఎవరైనా కూర్చుంటేనే కడుపునిండా తింటుంది. గ్యాస్ కట్టెయ్యడం మరిచిపోతుంది. ఇద్దరికీ పన్నెండింటికి భోజనం. తినేదాకా పక్కనే ఉండాలి. రోజూ సాయంత్రం ఈ నంబరుకి ఫోన్ చేసి చెప్పాలి."

"నేను అరుస్తానా?" అని అరిచాడు రెజిస్.

ఫిలూ బల్ల కిందికి దూరింది.

కాగితం అడుగున ఉన్న నంబరు జోసియాన్ రెండుసార్లు చూసుకుంది. కాగితాన్ని వెనకటి మడతల్లోనే మడిచి ఆయన చేతికిచ్చింది.

"మా ఇంట్లో పదకొండింటికే తినేస్తాను మదాం," పెయ్రా గారు నేరం ఒప్పుకుంటున్నట్టు అన్నారు. "మళ్ళీ పన్నెండింటికి ఇక్కడ. బెల్టు రెండు చిల్లులు జరిగింది. మీ సూపు బాగుంటుంది కాబట్టి బతికిపోయాను."

"మరి మిమ్మల్నెవరు చూసుకుంటారు?"

"నన్నా?" ఆయన కళ్ళజోడు తీసి మడిచారు. "నిరుటిదాకా గాడిద ఉండేది."

రెజిస్ లేచాడు. సొరుగు లాగి చెక్క వలయం తీసి ఆయన ముందు పెట్టాడు. జోసియాన్ మూడో గిన్నె తెచ్చి, సగమే పోసింది. ఆ పూట వాళ్ళు బల్ల దగ్గరనుంచి లేచేసరికి నాలుగైంది.

ఆదివారం కుటుంబమంతా ఫోన్‌లో చేరింది. సెవెరీన్, అల్లుడు, పిల్లలు, నాంత్ నుంచి కొడుకు.

"ఎలా ఉన్నారమ్మా? అంతా బాగానే ఉందా?" ఏమీ ఎరగనట్టు అడిగింది సెవెరీన్.

"బాగుంది. ఒకటి నిర్ణయించుకున్నాం, అందరూ ఉన్నారు కాబట్టి చెబుతున్నా. అక్టోబరు నుంచి ఓవెర్న్ కొండల్లో ఇంకో ఇల్లు ఒప్పుకున్నాం. కుక్కలు రెండు, మేక ఒకటి. ఆ వసతిగృహం గది వేరే ఎవరికైనా ఇచ్చుకోమను."

సెవెరీన్ గొంతు పెంచింది.

"ఆ కొండల్లో మీ ఇద్దరేనా? అమ్మా, మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండేదెవరు?"

"ఆ బెంగ నీకక్కర్లేదు," నెమ్మదిగా అంది జోసియాన్. "రోజూ సాయంత్రం నీకు ఫోన్ చేస్తారే, ఆయన్ని కూడా తీసుకెళ్తున్నాం."