నత్త నడిచిన గీత

ముళ్లపొదలో చిక్కుకుని గబ్బిలం రెక్క చిరిగింది. ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీపిట్ట, దానికి అరటిపొర అతుకు వేస్తానంది. ఏ పొర ఎంత బరువు ఆపుతుందో తెలియాలిగా! ఒక్కోదానికీ ఒకే సైజు గులకరాళ్లు వేలాడదీసి, తెగేదాకా చూస్తూ పోయింది. చివరికి ఒకే పొర మిగిలింది.

"దీన్నీ తెంచి చూసేస్తా!" అంది హుషారుగా.

"తెంచేశాక నా రెక్కకి ఏం కుడతావమ్మా, గాలా?" అంది గబ్బిలం.

దర్జీపిట్ట నాలుక కరుచుకుంది.

"తెగినవాటినే అడుగుదాం," అంది పక్కనే పాకుతూ ఇదంతా చూస్తున్న నత్త. ఒక్కో పొరకీ ఇసుకలో ఒక గింజ పెట్టించింది. పొర మందంగా ఉన్నకొద్దీ గింజ కుడికి, మోసిన రాళ్లు పెరిగినకొద్దీ పైకి. తర్వాత గింజల మధ్యగా తిన్నగా పాకింది. తడి గీత మెరిసింది.

"ఒక్క గింజనైనా తాకలేదేం నత్తమ్మా?"

"ఒకదానికోసం వంకర పోతే మిగతావాటికి దూరమవుతానే పిట్టా!"

మిగిలిన పొర మందం దగ్గర గీత ఏడు రాళ్ల ఎత్తులో ఉంది. గబ్బిలం బరువు అయిదు రాళ్లే. దర్జీపిట్ట గుండె దిటవు చేసుకుని కుట్టేసింది.

సందెవేళ గబ్బిలం గాల్లో గిరికీలు కొడుతూ అరిచింది: "నత్తమ్మా, అయితే రెండు రాళ్లంత దోమలు తినొచ్చా?"

"ఒక్క రాయంతే తిను! రెండోది నా గీత తప్పితే పనికొస్తుంది."