అంచున చెయ్యి

“ఇరవై రెండు ఫైళ్ళున్నాయి తాతా. డీవీడీ చేసివ్వాలి. మా నాన్నకి అరవై నిండుతున్నాయి. ఇంకా ఆ డబ్బా టీవీయే, ఆ డీవీడీ ప్లేయరే. మార్చమంటే పోట్లాటకొస్తాడు!”

పెన్‌డ్రైవ్ తెచ్చిన అమ్మాయి గలగలా మాట్లాడేస్తోంది. వీడియోల షాపు తాత “ఊఁ” అన్నాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమోనన్నంత పొదుపు ఆయనకి.

మొదటి ఫైలు తెరిచాడు. ఉయ్యాల్లో ఏడాది పిల్ల. ముప్ఫై సెకన్లు, మాటల్లేవు. బొమ్మ అంచున, ఉయ్యాల ఊపుతూ ఒక మగచెయ్యి. చూపుడువేలు సగమే ఉంది.

“ఆ పిల్లని నేనే. ఆ చెయ్యెవరిదో! అడిగితే ఎవరో పనివాడిదంది అమ్మ. మిగతావన్నీ నాన్నవే, చూడండి.”

చూశాడు. సైకిలు నేర్పుతున్న నాన్న. జడ వేయబోయి చిక్కులు పడేసిన నాన్న. స్కూలు గేటు దగ్గర పిల్లకంటే ముందు తనే ఏడ్చిన నాన్న. ఇరవై ఒక్క ఫైళ్ళలోనూ “నాన్నా, నాన్నా” అని ఒకటే పిలుపు.

తాత టక్కున ఆఖరి ఫైలు మూసేశాడు.

రసీదు మీద ఎడమచేత్తో ‘గురువారం’ అని రాసిచ్చాడు.

“కోడి గెలికినట్టుంది మీ రాత!” నవ్వుకుంటూ వెళ్ళిందా అమ్మాయి.

పక్క జిరాక్సు షాపావిడ తొంగిచూసింది.

“ఏంటన్నయ్యా, మొహం అలా మాడిపోయింది?”

“వాడు పొడుగ్గా ఉన్నాడు.”

“ఎవడు?”

“ఆ నాన్న.”

“ఉంటే నీకేం? ఒంటికాయ శొంఠికొమ్ము మనిషివి. ఊళ్ళోవాళ్ళ కాపురాలు చూసి కుళ్ళుకోవడమేనా నీ పని?”

తాత కంప్యూటర్ కట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే పనికి కూర్చున్నాడు. డబ్బా టీవీకో రోగముంది. బొమ్మ అంచుల్ని కాస్త మింగేస్తుంది. ముందే బొమ్మ తగ్గించి చుట్టూ నల్లపట్టీ వదిలితేనే అంచున ఉన్నవి దక్కుతాయి. ఆ నాన్నేమో ఎప్పుడూ అంచునే. కూతుర్ని మధ్యన నిలబెట్టి తనో పక్కకి ఒదుగుతాడు. ఇలాగే వదిలేస్తే టీవీలో సగం మనిషి గల్లంతు.

పోతే పోనీ. ఇరవై ఒక్కసార్లు పిలిపించుకున్నాడు. చాలదా?

అలాగే బటన్ నొక్కబోతూ మొదటి ఫైలు ఇంకోసారి వేసుకున్నాడు. అంచున ఆ చెయ్యి. అదీ పోతుంది.

చెయ్యి మిగలాలంటే బొమ్మ తగ్గించాలి. ఆయన పాత సాఫ్ట్‌వేర్లో ఆ కొలత డిస్కంతటికీ ఒకటే. చెయ్యి దక్కితే ఆ మనిషీ నిలువునా దక్కుతాడు.

మౌస్ పట్టుకుని మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. ఆఖరికి పళ్ళు నూరుకుంటూ తగ్గించాడు.

గురువారం అమ్మాయి వచ్చింది. షాపులో ఉన్న డబ్బా టీవీలో వేసి చూపాడు.

“చుట్టూ ఈ నల్లపట్టీ ఏంటి తాతా?”

“అది లేకపోతే మీ నాన్న తెగిపోతాడమ్మా.”

“అయ్యో, అయితే ఉండాల్సిందే!” డిస్కు అందుకుంది. “మా నాన్న మీకూ తెగ నచ్చేసినట్టున్నాడే!”

“ఊఁ.”

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, తాత అప్పటిదాకా బల్లకింద దాచుకున్న కుడిచెయ్యి పైకి తీశాడు. దానికి చూపుడువేలు సగమే ఉంది.