పరాయి సిగ్నల్

బుడమేరు వరద ఇంట్లోకి వచ్చేసరికి శాలిని తల్లిని తీసుకుని వెనక వీధిలోని మూడంతస్తుల మేడ ఎక్కింది.

తల్లి తెరేసమ్మకు డయాలసిస్ చేయించాల్సిన రోజు దాటిపోయింది. ముఖం ఉబ్బింది. ఆయాసం మొదలైంది.

తమ్ముడు ఎలీషా కంకిపాడు నుంచి పడవ తెస్తానన్నాడు. కానీ వీళ్లు ఇల్లు వదిలి ఈ మేడకు మారిన సంగతి అతనికి తెలియదు. చెబుదామంటే ఫోన్‌లో సిగ్నల్ లేదు.

నిన్న సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే, ఫోన్ వేరే కంపెనీల జోలికి పోకుండా శాలిని సెట్టింగ్స్‌లో తన కంపెనీ పేరే నొక్కి పెట్టింది. సొంత ఊళ్లో రోమింగేమిటని ఆమె పట్టుదల. ఆ కంపెనీ టవరేమో పాల డెయిరీ వెనక నీళ్లలో మునిగి ఉంది.

అప్పుడు కనిపించాడు ఓ పెద్దాయన.

గొంతులోతు నీళ్లలో, లారీ ట్యూబు మీద డీజిల్ క్యాన్లు కట్టి తోసుకొస్తున్నాడు. పక్క మేడ మీద వేరే కంపెనీ టవర్ ఉంది. అటే పోతున్నాడు.

క్యాన్లు దించేసి, కూర్చునే ఓపిక కూడా లేని అమ్మను ఎక్కించుకోమని శాలిని పిట్టగోడ మీదకు వంగి బతిమాలింది.

"కూర్చోలేని మనిషి కదమ్మా. మధ్యలో ట్యూబు తిరగబడుద్ది" అన్నాడు.

శాలినికి ఒళ్లు మండింది.

"మనుషులు చచ్చిపోతుంటే డీజిల్ దొంగతనమా నీకు?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆమె నోరు జారింది.

పెద్దాయన మాత్రం మాట తూలలేదు. ఆమెది ఏ కంపెనీయో అడిగి తెలుసుకున్నాడు.

"డెయిరీ టవర్ ఇప్పట్లో లేవదమ్మా. వరదని కంపెనీలన్నీ టవర్లు కలిపేసుకున్నాయి. నీ ఫోన్‌ని ఒక్కదానికే కట్టెయ్యమాక. వదిలేస్తే, బతికున్న టవర్ని అదే పట్టుకుంటది. ఈ పక్క మేడ టవర్ని నేను ఆగనివ్వను."

క్యాన్లు పట్టుకుని పక్క మేడ మెట్లెక్కాడు. కాసేపటికి జనరేటర్ మోత వినిపించింది.

శాలిని నమ్మకం లేకుండానే సెట్టింగ్ మార్చింది.

ఫోన్ వెతికింది. ఇంకా వెతికింది. చివరికి పరాయి కంపెనీ పేరు వచ్చి నిలబడింది.

"ఎక్కడున్నావక్కా?" ఎలీషా గొంతులో ఏడుపు.

చీకటి పడకముందే పడవ వచ్చింది. తల్లిని ఎక్కిస్తుంటే, పెద్దాయన మరో క్యాన్ కోసం ఖాళీ ట్యూబు తోసుకుంటూ పక్కనుంచే పోయాడు. శాలినికి పిలవడానికి మొహం చెల్లలేదు.

తెరేసమ్మ బతికింది.

నీళ్లు తీశాక శాలిని చేపల పులుసు వండి, క్యారేజీ పట్టుకుని ఆ మేడ ఎక్కింది. క్షమించమని అడగాలి. ఎన్ని మెట్లయినా ఎక్కి అడగాలి.

టవర్ దగ్గర నాని అనే కుర్ర ఆపరేటర్ ఉన్నాడు. ఆ పెద్దాయన పేరు జక్కయ్య అని, నీళ్లలో తడిసి వచ్చిన జ్వరం తగ్గకుండానే ఉయ్యూరు అవతల డ్యూటీకి మార్చేశారని, ఫోన్ కూడా వరదలోనే పోయిందని చెప్పాడు.

క్యారేజీ బరువెక్కింది.

"మాది డెయిరీ టవర్ కంపెనీ అయినా ఆదుకున్నాడు. మీ కంపెనీకి మంచి మనిషి దొరికాడు" అంది శాలిని.

"మా కంపెనీ కాదండీ. నేను మైలవరంలో చిక్కుకుపోయాను. మా టవర్ ఆగిపోకుండా చూసిన జక్కయ్య గారు, డెయిరీ వెనక మునిగిపోయిందే, ఆ మీ కంపెనీ టవర్‌కి వాచ్‌మన్."