చిన్నాలు గుమ్మానికి కాపలా

వరిచేను గట్టున, బొరియ ముందు, సింహాచలం పీత రెండు డెక్కలూ పైకెత్తి నిలబడ్డాడు. కూతురు చిన్నాలు రేపోమాపో పెంకు విడుస్తుంది. ఒళ్ళు జున్నులా మెత్తగా అయిపోతుంది. అది గట్టిపడేదాకా గుమ్మంలో ఎవడో ఒక మొగాడు కాపలా ఉండాలి. మనువాడి ఆ కాపలా నేను కాస్తానంటూ వచ్చాడు కుర్రపీత బుడగయ్య, ఒకే డెక్కతో.

"రెండోదేదిరా?" అన్నాడు సింహాచలం.

"కొంగ పట్టుకుంది మావా. వదిలేసి వచ్చేశా."

"ఛీ! ఆయుధం పారేసి పారిపోయినోడికి పిల్లనివ్వాలా?"

"డెక్కయితే మళ్ళీ మొలుస్తుంది మావా. నేను మొలవను కదా!"

లోపల చిన్నాలు కిసుక్కున నవ్వింది. సింహాచలానికి ఒళ్ళు మండింది.

"ఆ కొంగ ఈ గుమ్మంలోకే ముక్కు పెడితే? అప్పుడూ పారిపోతావా?"

"వెనకాల చిన్నాలుంటే ఎక్కడికి పోతాను మావా? ఈ డెక్క కూడా కొంగ నోట్లో పెట్టేసి, అది మింగేలోగా గుమ్మానికి బురద కొట్టేస్తా."

"డెక్కల్లేకుండా బురదెలా కొడతావురా?"

"ఎనిమిది కాళ్ళున్నాయి కదా మావా!"

సింహాచలం కాసేపు నురగలు కక్కాడు. తర్వాత మెల్లగా డెక్కలు దించాడు.

"అమ్మాయ్, అల్లుడికి నత్తలు పెట్టు. ఆ డెక్క మొలిచేదాకా గుమ్మంలో ఇద్దరం ఉంటాం."