ఒకటికీ సున్నాకూ నడుమ

"మా ఆడోళ్లను సంపేది రోగం గాదు సారూ, మీ లెక్క."

వనపర్తిలోని ఆరోగ్య సంస్థ ఆఫీసులో జయపాల్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. ఎదురుగా జమ్ములమ్మ. పెద్దమందడి దిక్కు పల్లెల్లో కూలోళ్ల సంఘాన్ని నడిపే మనిషి. అరవదు. అరవకపోవడమే ఆఫీసులవాళ్లకు భయం.

అది రెండువేల తొమ్మిది. కాన్పులకు తీసుకుపోయే బండి ఏ ఊళ్లకు ఇవ్వాలో ఆ సంస్థ కంప్యూటర్‌ను అడిగింది. ఎవరు ఎక్కడి నుంచి బయల్దేరి దవాఖానకు వచ్చారు, ఎవరు బతికారు, ఎవరు పోయారు, అంతా దానికి నేర్పారు. నేర్చుకుని, జమ్ములమ్మ పల్లెలకు బండి అక్కర్లేదని చెప్పింది.

"కూసో పెద్దమ్మా."

"నిలవడ్డ. మాకు దవాఖాన ముప్పై కిలోమీటర్లు. నీ మిషన్ల ఎంత?"

జయపాల్ చూశాడు. "సున్నా పాయింట్ సున్నా అయిదు."

"అంటె?"

"దవాఖాన పక్కనే ఉన్నట్టు."

"ముప్పైని గట్ల ఎవలు కోసిండ్రు?"

"ఎవరూ కోయలె. ఎన్నో కాన్పన్నది ఒకట్ల ఉంటది, దూరం పదుల్ల ఉంటది. అన్నిట్నీ సున్నాకూ ఒకటికీ నడుమకు తేవాలె. అన్నిట్ల చిన్నది సున్నా, పెద్దది ఒకటి. లేకుంటె పెద్ద అంకె మిగతాటిని తొక్కుతది."

"ఇప్పుడు తొక్కింది ఏంది మరి?"

జయపాల్ వెతికాడు. కాసేపటికి వేలు తెర మీద ఆగింది. "ఒక్కామెకు దూరం ఆరు వందలు పడ్డది. అదే ఒకటైంది. మిగిలినోళ్లంత సున్నా కాడ కుప్పవడ్డరు."

"కరెంటు స్తంభం పక్కన నిలవెడితె అందరం పొట్టోళ్లమే. తీసెయ్ దాన్ని."

ఉత్తగా తీసి చూశాడు. ఇప్పుడు అన్నిట్లో పెద్ద దూరం అరవై. జమ్ములమ్మ పల్లెల ముప్పై లేచి సగానికి వచ్చింది. బండిని ముందుగా ఆ ఊళ్లకే ఇవ్వమంది మిషను. జమ్ములమ్మ మొహంలో ఏమీ మారలేదు.

"అరవైకి ఒక సున్నా ఎక్కువ కొట్టినట్టుంది," జయపాల్ నవ్వాడు. "నెలలు నిండినామె గంత దూరం దవాఖానకు వస్తదా?"

"తొలికాన్పు పుట్టింట్ల గావాలె గద. పుణె కాడ మట్టిపనికి పోయినోళ్లు బస్సెక్కి వస్తరు."

జయపాల్ నవ్వు ఆగింది. "అయితె గిది నిజమేనా? పందొమ్మిదేండ్లు. తల్లీ పిల్లా ఇద్దరూ పోయిండ్రు. నిజమైతె తీయరాదు పెద్దమ్మా, పై సార్లు ఒప్పుకోరు. తప్పువడ్డదని ఆ ఇంటోళ్లే చెప్పాలె."

"ఎప్పట్లోపల?"

"సాయంత్రం లెక్క హైదరాబాద్ పోతది. దీంట్ల పేర్లుండవు. ఆ ఇంటోళ్లను యాడని వెతకాలె?"

"మా కాడ ఇద్దరికి నెలలు నిండినయ్."

"నా చేతుల లేదు."

బయట పెబ్బేరు సంతకు ఎద్దుల్ని తోలుకుపోయే లారీ హారన్ కొడుతోంది. అది పోయేదాకా జమ్ములమ్మ కిటికీ దిక్కే చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బండి రేపే రావాలె."

"ఇంటోళ్లు చెప్తెనే అంటిని గదా."

"నా బిడ్డ అంత దూరం నుంచి రాలేదని రాసుకో."