హైమవతికి పడ్డ ఓట్లు

1983లో పెన్సిల్వేనియా కొండల్లోని ఓ చిన్న ఊళ్లో మేయర్ పదవికి పోటీ చేసి డాక్టర్ హైమవతి చిత్తుగా ఓడిపోయింది. నాలుగు వందల ఓట్లలో ఆమెకు పడ్డవి తొమ్మిది. అందులో ఒకటి తనదే.

ఊరి పాత చెక్క వంతెనను కూల్చనివ్వనని ఆమె ఇల్లిల్లూ తిరిగింది. అందరూ నవ్వుతూ తలూపారు. పదేళ్లుగా పురుళ్లు పోసినా, వాళ్లకి తను పరాయిదే అనుకుంది.

మర్నాడు ఊరి రాజకీయమంతా నడిచే ఎర్ల్ బార్‌కి వెళ్లింది.

"క్లినిక్ మూసేసి వెళ్లిపోతున్నాను ఎర్ల్. నేనంటే మీకింత అసహ్యమా?"

ఎర్ల్ కంగారుపడ్డాడు. "అయ్యో డాక్టర్! మేయర్‌గా ఏ వెధవైనా పనికొస్తాడు. మీరు గెలిస్తే క్లినిక్ ఎవరు చూస్తారు? మీరు ఓడిపోవాలని మా ఆవిడ చర్చిలో ప్రార్థన కూడా చేసింది."

హైమవతి కళ్లు తుడుచుకుంది. "మరి నాకు ఓటేసిన ఆ ఎనిమిదిమంది?"

ఎర్ల్ మూల బల్ల వైపు చూపించాడు. అక్కడున్నవాళ్లు గబుక్కున గ్లాసులు దాచేశారు.

"మీరు తాగుడు మానమని పోరుపెడుతున్నవాళ్లే. మీరు మేయరైతే పీడ వదులుతుందని వేశారు."

హైమవతి వాళ్ల దగ్గరికి నడిచింది.

"ఎనిమిదిమందీ రేపు పొద్దున్నే క్లినిక్‌కి రండి," అంది.